పాల లెక్కలో తగ్గిన 240 రూపాయలు: టెక్స్ట్ ఫైల్ చదవడం పిల్లలకు ఎందుకు నేర్పుతున్నాం?

సెప్టెంబర్ పేరెంట్స్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి నాన్నగారు ఒకరు నా టేబుల్ దగ్గర కూర్చుని, కాస్త మొహమాటపడుతూనే అడిగారు. "మేడమ్, కోడింగ్ క్లబ్ అంటే ఏ గేమో, యాపో చేయిస్తారనుకున్నాం. మా అమ్మాయి పది రోజులుగా రోజూ సాయంత్రం నోట్‌ప్యాడ్‌లో పాల లెక్క టైప్ చేస్తోంది. పాల లెక్క రాయడానికి కేలండర్ ఉంది కదండీ, దానికి ఇంత ఫీజు ఎందుకు?"

అడగవలసిన ప్రశ్నే. ఆ రోజు నేనిచ్చిన జవాబు మాత్రం పొడిపొడిగా ఉంది, వెనకాల ఇంకా పదిమంది నిలబడి ఉన్నారు. సెప్టెంబర్ అయిపోయింది, ఆ పాల లెక్క కూడా పూర్తయింది. ఇప్పుడు తీరిగ్గా చెబుతాను. ఆ ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు కాబట్టి, పేరు లేకుండా, వాళ్ల అమ్మాయి ఫైలునే ఉదాహరణగా తీసుకుంటున్నాను.

పిల్లలు మొదట నేర్చుకునే ప్రోగ్రాములన్నీ ఒక రకంగా సొంత ఇంటి ముగ్గుల్లాంటివి. అంకెలు వాళ్లే ఇస్తారు, జవాబు ఎంత రావాలో వాళ్లకు ముందే తెలుసు. ఐదు, ఏడు ఇస్తే పన్నెండు రావాలి, వచ్చింది, చప్పట్లు. గేములు కూడా అంతే, అందులోని ప్రపంచమంతా ప్రోగ్రాం రాసినవాళ్లు కట్టిందే. ఫైలు చదవడం మొదలుపెట్టగానే ఈ సౌకర్యం పోతుంది. ఫైల్లో ఏముందో ప్రోగ్రాముకు ముందుగా తెలియదు. ఒక రోజు ఒకరు, ఇంకో రోజు ఇంకొకరు, తొందరలో, పరధ్యానంలో రాసి ఉంటారు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్పత్రి రిపోర్టులు, మా ఆఫీసులో ఉండే హాజరు పట్టీ అన్నీ ఇలాగే తయారవుతాయి. వాటిని చదివే ప్రోగ్రాములు రాయడమే ఈ వృత్తిలో చాలామంది రోజూ చేసే పని.

మొదట టెక్స్ట్ ఫైల్ అంటే ఏమిటో చెప్పాలి. అక్షరాలు తప్ప ఇంకేమీ లేని ఫైలు. రంగు, బోల్డ్, పట్టిక గీతలు ఏవీ ఉండవు. నోట్‌ప్యాడ్‌లో టైప్ చేసి సేవ్ చేస్తే వచ్చేది అదే. వర్డ్‌లో టైప్ చేసింది టెక్స్ట్ ఫైల్ కాదు. చూడ్డానికి రెండూ ఒకటే కదా అని పిల్లలే కాదు, పెద్దలూ అనుకుంటారు. ఓ వర్డ్ ఫైలును నోట్‌ప్యాడ్‌తో తెరిచి చూడండి. మొదట పీ, కే అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత అంతా గందరగోళం కనబడుతుంది. ఇప్పటి వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. ఆ పీ, కే అక్షరాలు జిప్ పద్ధతిని తయారుచేసిన ఫిల్ కాట్జ్ పేరులోని మొదటి అక్షరాలు.

ఆ అమ్మాయి ఫైల్లో రోజుకొక వరుస. ముందు తేదీ, ఒక ఖాళీ, ఆ తర్వాత ఎన్ని లీటర్లు అన్నది. మొదటి ఐదు వరుసలు ఇవి:

01-09 1.5
02-09 1.5
03-09 2
04-09 రాలేదు
05-09 1.5

నెలాఖరుకు మొత్తం లీటర్లు కూడి, లీటరు 80 రూపాయల చొప్పున బిల్లు చెప్పాలి. ప్రోగ్రాం చేయవలసిన పనిని మాటల్లో చెబితే ఇంతే: ఫైలు తెరువు, ఒక్కొక్క వరుసే తీసుకో, ఖాళీ ఉన్నచోట దాన్ని రెండు ముక్కలు చెయ్యి, రెండో ముక్కను సంఖ్యగా మార్చి మొత్తానికి కలుపు, చివర 80తో హెచ్చవెయ్యి. పైథాన్ భాషలో ఇది ఏడెనిమిది వరుసలకు మించదు. అరగంటలో అయిపోతుందని ఆ అమ్మాయి అనుకుంది. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆ నాలుగు సాయంత్రాల కోసమే ఈ పాఠం.

మొదటి సాయంత్రం: ఫైలే లేదట

ప్రోగ్రాం నడపగానే తెర మీద ఎర్ర అక్షరాలు: ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్. ఫైలు ఎదురుగా కనబడుతూనే ఉంది. పేరు కూడా సరిగ్గానే ఉంది, కనీసం అలా కనబడుతోంది. మామూలుగా విండోస్ ఫైలు పేరు చివర చుక్క తర్వాత వచ్చే భాగాన్ని దాచేస్తుంది. ఆ అమ్మాయి పేరు మార్చేటప్పుడు చుక్క టీఎక్స్‌టీ అని తనే రాసింది. లోపల అప్పటికే ఒక చుక్క టీఎక్స్‌టీ ఉంది. దాంతో అసలు పేరు చివర అది రెండుసార్లు వచ్చి కూర్చుంది. మా ల్యాబ్‌లో ప్రతి ఏడూ కనీసం నలుగురైదుగురు ఇక్కడే పడతారు. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకి వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నచోట టిక్ పెడితే దాచిన భాగం బయటపడుతుంది. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఈ పని మీరే చేసిపెట్టవచ్చు.

ఈ ఎర్ర అక్షరాల గురించి ఒక మాట చెప్పాలి. పక్కన నిలబడి చూసే తల్లిదండ్రులకు ఎర్ర రంగు చూడగానే తప్పు మార్కు గుర్తుకొస్తుంది. "ఏమైంది, మళ్లీ తప్పొచ్చిందా?" అంటారు. పిల్లలు వెంటనే ఆ విండో మూసేస్తారు. దయచేసి అలా అనకండి. ఆ ఎర్ర అక్షరాల్లో చిట్టచివరి వరుస కంప్యూటర్ రాసిన ఫిర్యాదు. ఎందుకు ఆగింది అన్నది అందులోనే ఉంటుంది, ఏ వరుస దగ్గర ఆగిందో దానికి పైన ఉంటుంది. "చివరి వరుస పైకి చదువు" అంటే చాలు. అర్థం మీకు తెలియనక్కర్లేదు, పైకి చదివినప్పుడు సగం సార్లు వాళ్లకే అర్థమైపోతుంది.

రెండో సాయంత్రం: తెలుగు చదవనంది

ఫైలు దొరికింది. ఈసారి వచ్చిన ఫిర్యాదు యూనికోడ్ డీకోడ్ ఎర్రర్. సున్నా ఎక్స్ 81 అనే బైటును చదవలేకపోతున్నానని అంటోంది. ఆ అమ్మాయి ఇక్కడ బాగా దిగులుపడింది. తెలుగులో రాయడమే తప్పేమో, "రాలేదు" అని ఉన్నచోట ఇంగ్లీషులో నో అని రాయాలేమో అని వచ్చి అడిగింది. వద్దన్నాను. ఇంట్లో అందరూ రాసే లెక్కకు ఇంట్లో మాట్లాడే భాషే ఉండాలి. పైగా ఇక్కడ తెలుగు తప్పేమీ లేదు.

కంప్యూటరుకు అక్షరాలు తెలియవు, సంఖ్యలే తెలుసు. కాబట్టి ఏ అక్షరానికి ఏ సంఖ్య అన్నది ఒక ఒప్పందం. ప్రపంచంలోని లిపులన్నిటికీ కలిపి సంఖ్యలు కేటాయించిన ఒప్పందం యూనికోడ్. అందులో తెలుగుకూ ఒక వాడ ఉంది. ఆ సంఖ్యలను డిస్కు మీద బైట్లుగా రాసే పద్ధతుల్లో ఎక్కువ వాడుకలో ఉన్నది యూటీఎఫ్-8. ఈ పద్ధతిలో మామూలు ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు సరిపోతుంది, తెలుగు అక్షరానికి మూడు కావాలి. అక్షరం అంటే ఇక్కడ మనం బడిలో నేర్చుకున్న అర్థంలో కాదు. "అమ్మ" మనకు రెండక్షరాలు. కంప్యూటరుకు నాలుగు: అ, మ, పొల్లు, మళ్లీ మ. పైథాన్‌ను పొడవు అడిగితే నాలుగు అనే చెబుతుంది. డిస్కు మీద అది 12 బైట్లు. ఇది చెప్పినప్పుడు క్లాసంతా వాళ్ల వాళ్ల పేర్లు కొలుచుకుంటారు. ఒత్తులున్న పేర్లవాళ్లు గెలుస్తారు.

మరి తప్పెక్కడ? నోట్‌ప్యాడ్ ఫైలును యూటీఎఫ్-8లో రాసింది. చదివేటప్పుడు ఏ పద్ధతో చెప్పకపోతే, ఇప్పుడు మన ల్యాబుల్లో ఉన్న పైథాన్, ఆ విండోస్‌కు అలవాటైన పాత పద్ధతినే పట్టుకుంటుంది. మన దగ్గర ఇంగ్లీషులో పెట్టుకున్న చాలా కంప్యూటర్లలో అది పడమటి ఐరోపా భాషల కోసం చేసిన పట్టిక. ఆ పట్టికలో కొన్ని గళ్లు ఖాళీగా వదిలేశారు. తెలుగు కొమ్ము, అంటే "దు"లోని ఉకారపు గుర్తు, యూటీఎఫ్-8లో రాస్తే మూడో బైటు సరిగ్గా అలాంటి ఖాళీ గడిలో పడుతుంది. పొల్లు కూడా అంతే, అది మరో ఖాళీ గడిలో పడుతుంది. అంటే ఒత్తో, కొమ్మో లేకుండా తెలుగు రాయగలిగితే తప్ప ఈ ఎర్రర్ నుంచి తప్పించుకోలేం. "రాలేదు"లో ఒత్తు లేదు కానీ చివర కొమ్ముంది. ప్రోగ్రాం ఆగింది అక్కడే.

మందు చిన్నదే. ఫైలు తెరిచేచోట ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని స్పష్టంగా రాయాలి, అంతే. అయితే ఫైలు సేవ్ చేసేటప్పుడు కూడా జాగ్రత్తగా ఉండాలి. నోట్‌ప్యాడ్ సేవ్ యాజ్‌లో ఆన్సీ అన్నది ఎంచుకుంటే ఒక హెచ్చరిక వస్తుంది. చదవకుండా ఓకే నొక్కితే తెలుగంతా ప్రశ్నార్థకాలుగా మారిపోతుంది. అలా సేవ్ అయిన ఫైల్లోంచి తెలుగును మళ్లీ బయటికి తేలేం. అక్షరాల చోట నిజంగానే ప్రశ్నార్థకాలు రాసేసింది కాబట్టి వెనక్కి తేవడానికి అక్కడ ఏమీ మిగలదు.

మూడో సాయంత్రం: "రాలేదు" అంటే ఎంత?

ఇప్పుడు ఫైలు చదువుతోంది. మూడు వరుసలు కూడింది. నాలుగో వరుస దగ్గర వాల్యూ ఎర్రర్: "రాలేదు" అన్నదాన్ని సంఖ్యగా మార్చలేను. న్యాయమే కదా.

ఇక్కడ ఒక చిన్న విషయం. ఫైల్లో కనబడే 1.5 కూడా ప్రోగ్రాముకు మొదట సంఖ్య కాదు, ఒకటి, చుక్క, ఐదు అనే మూడు అక్షరాలు. మార్చకుండా రెండు 1.5లు కలిపితే మూడు రాదు, 1.51.5 వస్తుంది. తెలుగు మాట దగ్గర ఆగిపోవడం చూశాకగానీ చాలామంది పిల్లలకు ఈ తేడా మనసుకెక్కదు.

సరే, "రాలేదు" అని ఉంటే సున్నా అనుకోమని ఒక షరతు పెట్టింది ఆ అమ్మాయి. అయినా ఒప్పుకోలేదు. స్పెల్లింగ్ అక్షరం అక్షరం పోల్చి చూసుకుంది, తేడా లేదు. అరగంట తర్వాత ఆ రెండు ముక్కలను జాబితాగా తెర మీద చూపించమన్నాను. అప్పుడు "రాలేదు" పక్కన ఒక తోక కనబడింది: బ్యాక్‌స్లాష్, ఎన్. వరుస చివర మనం నొక్కిన ఎంటర్ కూడా ఫైల్లో ఒక అక్షరమే. కంటికి కనబడదు, పోల్చేటప్పుడు అడ్డుపడుతుంది. 1.5 పక్కన కూడా అదే తోక ఉంది. కానీ సంఖ్యగా మార్చేటప్పుడు పైథాన్ దాన్ని పట్టించుకోదు కాబట్టి అప్పటిదాకా బయటపడలేదు. స్ట్రిప్ అనే ఒక్క మాటతో ఆ తోక ఊడిపోతుంది.

తర్వాత ఆ అమ్మాయి ఒక ప్రశ్న అడిగింది. ఈ పాఠంలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. "మేడమ్, రాని రోజును సున్నా అనుకోవాలా, లేక ఆ రోజును లెక్కలోంచే తీసేయాలా?" బిల్లుకు రెండూ ఒకటే. కానీ తను సగటు కూడా తీస్తోంది. నెలకు 44 లీటర్లు అనుకుంటే, 30 రోజులతో భాగిస్తే రోజుకు 1.47, పాలొచ్చిన 29 రోజులతో భాగిస్తే 1.52. ఏది సరి? రోజుకు ఎంత తాగుతున్నాం అని అడిగితే ఒక జవాబు, పాలాయన వచ్చిన రోజు ఎంత పోస్తున్నాడు అని అడిగితే ఇంకో జవాబు. ఈ నిర్ణయం పైథాన్ చేయదు. పద్నాలుగేళ్ల పిల్ల తన ఇంటి సంగతి తెలుసుకుని తనే చేయాలి. వాళ్లమ్మగారిని అడిగి 29 అని తేల్చుకుంది.

నాలుగో సాయంత్రం: అన్నీ సరిపోయాయి, డబ్బు తగ్గింది

పదిహేడో తేదీ దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి ఇండెక్స్ ఎర్రర్. అప్పటికి ఓపిక అయిపోయింది. ఫోన్‌లో ఒక ఏఐ యాప్‌ను అడిగింది. అది మర్యాదగా ఒక మందు చెప్పింది: ఏ వరుస దగ్గరైనా ఎర్రర్ వస్తే ఆ వరుస వదిలేసి ముందుకు వెళ్లు. పైథాన్‌లో దీన్ని ట్రై, ఎక్సెప్ట్, పాస్ అనే మూడు మాటలతో రాస్తారు. రాసింది. ఎర్ర అక్షరాలు మాయమయ్యాయి. బిల్లు వచ్చింది: 43,240 రూపాయలు.

నెలకు నలభై మూడు వేల పాలు ఏ ఇంట్లోనూ తాగరు కాబట్టి వెతికింది. పన్నెండో తేదీ దగ్గర 500 అని ఉంది. ఎవరో మిల్లీలీటర్లలో రాశారు. ప్రోగ్రాం మారుమాట్లాడకుండా ఐదు వందల లీటర్లు కూడేసింది. దాన్ని 0.5గా దిద్దింది. ఇప్పుడు బిల్లు 3,280. నమ్మదగ్గ అంకెలా ఉంది. "అయిపోయింది మేడమ్" అని నాకు చూపించింది.

నేను ఒక్కటే అడిగాను: "ఎన్ని వరుసలు చదివింది, ఎన్ని వదిలేసింది?"

తెలియదంది. ఐతే లెక్కపెట్టమన్నాను. వదిలేసిన ప్రతి వరుసనూ తెర మీద చూపించేలా మార్చింది. మూడు వరుసలు బయటికొచ్చాయి. ఒకటి ఫైలు చివరి ఖాళీ వరుస, దానితో బాధ లేదు. మిగతా రెండు పదిహేడు, పద్దెనిమిది తేదీలవి. ఆ రెండు రోజులూ తేదీకీ లీటర్లకూ మధ్య ఖాళీ బదులు అడ్డగీత పడింది. ఖాళీ లేదు కాబట్టి వరుస రెండు ముక్కలు కాలేదు. రెండో ముక్క లేనప్పుడు అడిగితే వచ్చేదే ఆ ఇండెక్స్ ఎర్రర్. రోజుకు లీటరున్నర చొప్పున మూడు లీటర్లు, 240 రూపాయలు. అసలు బిల్లు 3,520.

ఆ రెండు రోజులూ పాలాయన పాలు పోశాడు. ప్రోగ్రాం నోరు మూయించడం వల్ల ఆయనకు 240 రూపాయలు తగ్గేవి. ఇంట్లో ఎవరికీ అనుమానం కూడా వచ్చేది కాదు, కంప్యూటర్ వేసిన లెక్క కదా. ఆయన అడిగితే తప్పు ఆయనదే అనేవాళ్లం. ఆ అమ్మాయి ఈ మాట విని కాసేపు మాట్లాడలేదు.

ఏఐ యాప్ మీద నాకు కోపం లేదు. ఎర్రర్ పోవాలని అడిగితే ఎర్రర్ పోయే దారి చెప్పింది. లెక్క సరిగ్గా రావాలి అని అడిగి ఉంటే ఇంకోలా చెప్పేదేమో. కానీ ఈ రెండూ వేర్వేరు ప్రశ్నలని పిల్లలకు తెలియాలంటే ఒకసారైనా ఇలా దెబ్బతినాలి. అందుకే మొదటి రెండు నెలలు క్లబ్‌లో ఆ యాప్‌లు వాడవద్దంటున్నాం. ఇంట్లో కూడా అదే పాటిస్తే మాకు సాయం. సాయపడాలని ప్రోగ్రాం మీరే రాసి పంపించే తల్లిదండ్రులు కూడా కొందరున్నారు, సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్లు మరీను. మాకు తెలిసిపోతుందండీ.

ఆగిపోయే ప్రోగ్రాం కన్నా ఆగకుండా తప్పు చెప్పే ప్రోగ్రాం ప్రమాదకరం. 500 లాంటి తప్పు దొరికిపోతుంది. 1.5 బదులు చుక్క మరిచిపోయి 15 రాస్తే? బిల్లు 3,520 బదులు 4,600 అవుతుంది. పండగ నెలలో అయితే ఎవరూ కనిపెట్టరు. దీనికి మేం నేర్పే జాగ్రత్తలు రెండే. మొదటి ఐదు వరుసలు చేత్తో కూడి చూడు: పైన ఇచ్చిన ఐదూ కలిపితే 6.5 లీటర్లు, 520 రూపాయలు, ప్రోగ్రాం కూడా అంతే చెప్పాలి. ఇంట్లో ఒక రోజుకు ఎక్కువలో ఎక్కువ ఎంత పోయించుకుంటారో అడిగి, అంతకు మించితే కూడకుండా ఆ వరుసను చూపించి అడుగు.

మార్కుల సంగతి

సీబీఎస్ఈలో పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్ తీసుకున్నవారికి టెక్స్ట్, బైనరీ, సీఎస్‌వీ అని మూడు రకాల ఫైళ్లతో పని చేయడం సిలబస్‌లోనే ఉంది. థియరీ 70 మార్కులు, ప్రాక్టికల్ 30. థియరీలో ఫైళ్ల పాఠం వచ్చే ప్రోగ్రామింగ్ యూనిట్ ఒక్కటే 40. కాబట్టి తొమ్మిదిలో పడిన ఈ శ్రమ వృథా పోదు.

అయితే నిజం చెప్పాలి. పరీక్షలో అడిగేవి ఎక్కువగా శుభ్రమైన ఫైళ్ల మీద: ఫలానా అక్షరంతో మొదలయ్యే వరుసలెన్ని, ఫలానా పదం ఎన్నిసార్లు వచ్చింది. అలాంటివి నాలుగు నమూనాలు బట్టీపట్టి పూర్తి మార్కులు తెచ్చుకోవచ్చు, తెచ్చుకుంటున్నారు కూడా. వాళ్లలో కొందరు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో అసలు ఫైలు ఒకటి చేతికి రాగానే బిక్కమొహం వేసి మాకు ఫోన్ చేస్తారు. మార్కులొస్తే పాఠం వచ్చేసినట్టే అని మాత్రం నేను మీకు చెప్పలేను.

ఇంట్లో మొదలుపెట్టాలనుకుంటే

ఫైలు చిన్నదిగా, మీ ఇంటిదిగా ఉండాలి. పాలు, పేపరు, వాటర్ క్యాన్లు, బండి పెట్రోలు, ఇస్త్రీ బట్టల లెక్క, ఏదైనా సరే. ఫోన్ నంబర్లు, ఆధార్, బ్యాంకు వివరాలు ఉన్నవి మాత్రం ఇవ్వకండి. ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపు చాట్‌ను టెక్స్ట్ ఫైలుగా తీసుకుని ఎవరు ఎక్కువ గుడ్ మార్నింగ్‌లు పంపారో లెక్కపెడతామని పిల్లలు ఉత్సాహపడతారు. సరదా పనే, కానీ అందులో ఇతరుల మాటలుంటాయి. వాళ్లను అడక్కుండా వద్దు. కంప్యూటర్ లేకపోతే దిగులుపడకండి, లెక్క పుస్తకంలో రాసి పంపినా చాలు, ల్యాబ్‌లో టైప్ చేయిస్తాం.

అసలు ఫైలు పక్కన ఒక కాపీ తప్పకుండా పెట్టించండి. పైథాన్‌లో ఫైలు తెరిచేటప్పుడు చదవడానికా, రాయడానికా అన్నది ఒక్క అక్షరంతో చెబుతాం. చదవడానికి ఆర్, రాయడానికి డబ్ల్యూ, ఉన్నదాని చివర కలపడానికి ఏ. డబ్ల్యూ పెట్టి తెరిస్తే ఏమీ రాయకపోయినా సరే, ఆ క్షణంలోనే పాతదంతా తుడిచిపెట్టుకుపోతుంది. "నిజంగానా?" అని అడగదు. రీసైకిల్ బిన్‌లోనూ ఉండదు. ఇది నాకు పుస్తకంలోంచి తెలిసింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, వేరే ఊళ్లో, ఒక సెక్షన్ యూనిట్ టెస్ట్ మార్కుల ఫైలును ఏ బదులు డబ్ల్యూ పెట్టి తెరిచాను. జవాబు పత్రాలు ఇంకా పిల్లలకు పంచలేదు కాబట్టి బతికిపోయాను. రాత్రి పదకొండు దాకా కూర్చుని అన్నీ మళ్లీ ఎక్కించాను. ఆ ఫైలుకు కాపీ లేదు.

ఇక ఆ నాన్నగారి సంగతి. నెలాఖరున వాళ్లమ్మగారి కేలండర్ లెక్క 43 లీటర్లన్నర, 3,480 రూపాయలు. అమ్మాయి ప్రోగ్రాం 44 లీటర్లు, 3,520. నలభై రూపాయల తేడా. ప్రోగ్రామే తప్పయి ఉంటుందని అందరూ అనుకున్నారు. అమ్మాయి కేలండర్ పక్కన పెట్టుకుని వరుస వరుసా చూసింది. పన్నెండో తేదీ గడి ఖాళీగా ఉంది. ఆ రోజు తల్లీకూతుళ్లు పెళ్లికి వెళితే నాన్నగారొక్కరే ఇంట్లో ఉండి అర లీటరు పోయించుకున్నారు. కేలండర్ మీద గీత పెట్టడం మరిచిపోయారు. కూతురు చెప్పింది కదా అని నోట్‌ప్యాడ్‌లో మాత్రం రాశారు. ఆ 500 ఆయనదే.

మర్నాడు పాలాయనకు 3,520 ఇచ్చారట. అక్టోబర్ ఫైలు నేను చూశాను, ఆయన రాసిన రోజుల్లో 0.5 అని ఉంది.